పిలుపు, సాకు, గద్దింపు: హిట్టైట్ చక్రవర్తులూ సామంతులూ రాసుకున్న లేఖలు

క్లుప్తంగా

క్రీ.పూ. 14, 13 శతాబ్దాల్లో నేటి టర్కీ మధ్యభాగం నుంచి ఉత్తర సిరియా వరకు ఏలిన హిట్టైట్ చక్రవర్తులు తమ సామంతులను ప్రమాణాలతో కూడిన ఒడంబడికలతో కట్టివేశారు. అయితే కప్పం, సైన్యం, దర్బారులో హాజరు వంటి బాధ్యతలను ఏటేటా రాబట్టే పని ఉత్తరాల మీద పడింది. సామంతులు కత్తి దూయకుండానే ఆలస్యంతో, అనారోగ్యంతో, మౌనంతో, ఒక్కోసారి బంగారంతో ఆ పిలుపులను దాటవేశారు. లేఖల్లో గద్దింపు ఎక్కువైన కాలం సామ్రాజ్యం బలంగా ఉన్న కాలం కాదని, దాని చేయి అందని చోట్లు పెరిగిన కాలమని ఈ పలకలను వరుసగా చదివితే అర్థమవుతుంది.

పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం

పోటీ పరీక్షలకు చదివే తెలుగు విద్యార్థులకు బోగజ్‌కోయ్ పేరు కొత్తది కాదు. మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, నాసత్యులు అనే వైదిక దేవతల పేర్లు పశ్చిమాసియాలో కనిపించిన చోటుగా వేదకాలపు పాఠంలో దాని ప్రస్తావన ఇలా వచ్చి అలా వెళ్లిపోతుంది. ఆ ప్రస్తావన అంతటితో ఆగిపోవడంతో, అక్కడ ఏదో రాతి శాసనం ఉందనీ, ఆ దేవతలను కొలిచే రాజెవరో భక్తికొద్దీ దాన్ని వేయించాడనీ అనుకునేవారు ఎక్కువ. నిజానికి అది మట్టి పలకల మీద రాసిన రాజకీయ ఒడంబడిక. రాయించినవాడు హిట్టైట్ చక్రవర్తి మొదటి సుప్పిలులియుమ. కట్టుబడవలసినవాడు నేటి ఉత్తర సిరియా, ఉత్తర ఇరాక్ ప్రాంతాన్ని ఏలిన మితాన్ని రాజ్యపు రాకుమారుడు షత్తివాజ.

మితాన్ని రాజు తుష్రత్త సొంత కొడుకుల్లో ఒకడి చేతిలో హతుడయ్యాక, మరో కొడుకైన షత్తివాజ ప్రాణాలు దక్కించుకుని బాబిలోనియాకు పారిపోయాడు. అక్కడ ఆదరణ దొరకక సుప్పిలులియుమ కాళ్ల మీద పడ్డాడు. చక్రవర్తి తన కూతురిని అతనికిచ్చి పెళ్లి చేసి, కొడుకు పియష్షిలి వెంట సైన్యాన్ని పంపి, పోయిన గద్దెను ఇప్పించాడు. దానికి బదులుగా పెట్టిన షరతుల్లో ఆ కూతురే మితాన్నికి పట్టపురాణిగా ఉండాలని, మరే స్త్రీనీ ఆమెకన్నా పై స్థానంలో నిలపకూడదని కూడా ఉంది. మాట తప్పితే శిక్షించడానికి ఇరుపక్షాల దేవతలనూ సాక్షులుగా పిలిచారు. హుర్రియన్ దేవతలతో నిండిన మితాన్ని పక్షపు పొడవాటి జాబితాలో మన పాఠాల్లోని ఆ నాలుగు పేర్లూ ఒక వరుసలో వస్తాయి. సామంతుడి మెడకు బిగించిన ముడిలో వాళ్లదీ ఒక పోగు.

ఆ ఒడంబడిక ప్రతిని హిట్టైట్ల అరిన్న సూర్యదేవత సన్నిధిలో ఒకటి, మితాన్నిలోని తేషుబ్ దేవుడి సన్నిధిలో ఒకటి ఉంచి, రాజు ఎదుటా ప్రజల ఎదుటా మళ్లీ మళ్లీ చదవాలని అందులోనే రాశారు. పశ్చిమాన విలుస పాలకుడు అలక్సందుతో తరవాతి చక్రవర్తి మువత్తల్లి చేసుకున్న సంధి ఇంకా కచ్చితంగా, ఏడాదికి 3 సార్లు చదివి వినిపించాలని చెప్పింది. సామంతులకు మరుపు సహజమని చక్రవర్తులకు బాగా తెలుసునన్నమాట. అయినా చదివి వినిపించడం వేరు, చెప్పింది చేయించుకోవడం వేరు. రాజధాని హత్తుష నుంచి సిరియా తీరంలోని ఉగరిత్‌కు గీత గీసి కొలిచినా దాదాపు 500 కిలోమీటర్ల దూరం, నడుమ టారస్ పర్వతాలు. ఏటా సైన్యాన్ని నడిపించడం కుదరని ఆ దూరాన్ని దాటింది దూత చేతిలోని మట్టి పలక.

ఎవరి పెట్టెలో దొరికిన ఉత్తరాలు

హత్తుష శిథిలాలు నేటి బోగజ్‌కాలే (పాత పేరు బోగజ్‌కోయ్) పక్కన ఉన్నాయి. అక్కడ 1906లో హ్యూగో వింక్లర్, థియోడోర్ మక్రిది తవ్వకాలు మొదలుపెట్టిన నాటి నుంచి ఇప్పటివరకు సుమారు 30,000 పలకలు, పలకల ముక్కలు బయటపడ్డాయి. వాటిలోని హిట్టైట్ భాష ఇండో-యూరోపియన్ కుటుంబానిదని 1915లో బెడ్రిచ్ హ్రోజ్నీ నిరూపించాడు. రెండో పెద్ద నిధి ఉగరిత్. 1928లో ఒక రైతు పొలం దున్నుతుండగా నాగలికి తగిలిన రాయి సమాధిదని తేలడంతో, మరుసటి ఏడాది నుంచి క్లాడ్ షెఫర్ ఆధ్వర్యంలో తవ్వకాలు సాగి, రాజభవనంతోపాటు సంపన్నుల ఇళ్ల నుంచీ వందలాది లేఖలు దొరికాయి. సిరియాలోని కత్నలో 2002లో రాజసమాధికి దారితీసే నడవలో దొరికిన పలకల్లో హిట్టైట్ సేనాని హన్నుత్తి అక్కడి రాజు ఇదందకు నగరాన్ని పటిష్ఠం చేసుకోమని రాసిన లేఖ ఉంది.

ఈ దొరకడంలో ఒక వంకర ఉంది. ఎవరైనా తమకు వచ్చిన ఉత్తరాలనే భద్రపరుస్తారు. తాము పంపినవాటి నకళ్లు దాచుకోవడం తక్కువ. అందువల్ల ఉగరిత్‌లో చక్రవర్తి గొంతే ఎక్కువగా వినిపిస్తుంది, సామంతుడి జవాబును ఆ గొంతులోని కోపాన్ని బట్టి ఊహించుకోవాలి. హత్తుషలో దొరికిన సామంతుల లేఖలు కొన్ని ఆ లోటును తీరుస్తాయి గాని, అవి చాలావరకు ముక్కలు.

భాష కూడా ఎదుటివారిని బట్టి మారింది. సిరియా సామంతులతో నాటి అంతర్జాతీయ వ్యవహార భాష అయిన అక్కాడియన్‌లో, అనటోలియా (నేటి టర్కీ) పశ్చిమ భాగపు పాలకులతో హిట్టైట్‌లో రాసుకున్నారు. అప్పటికి ఇంకా స్వతంత్రంగా ఉన్న అర్జవ రాజ్యం ఈజిప్టు ఫరోకు పంపిన ఒక పలక చివర, ఇకమీదట మాకు వచ్చే పలకలన్నీ హిట్టైట్‌లోనే రాయమని అక్కడి లేఖకుడు ఈజిప్టు లేఖకుడిని కోరాడు. రాజుల ఉత్తరం అడుగున లేఖకులు తమలో తాము రెండు మాటలు కలిపి పంపుకోవడం ఆ కాలంలో మామూలే.

ఎవరి పేరు ముందు

ఆనాటి లేఖ అంటే దూత నోటితో చదివి వినిపించే సందేశం. అందుకే ప్రతి లేఖా ఫలానావారికి ఇలా చెప్పు అనే ఆజ్ఞతో మొదలవుతుంది. ఆ మొదటి రెండు వరుసల్లోనే హోదా తేలిపోతుంది: పెద్దవాడి పేరు ముందు, చిన్నవాడి పేరు తరవాత. చక్రవర్తి రాస్తే సూర్యుడి మాట ఇది, అమ్మురాపికి చెప్పు అని ఉంటుంది. సూర్యుడు అన్నది హిట్టైట్ రాజుల బిరుదు. సామంతుడు రాస్తే ముందు ప్రభువు బిరుదులు, ఆ తరవాత మీ సేవకుడు అంటూ తన పేరు, వెంటనే పాదాల మీద పడుతున్నానన్న మాట. కుశల ప్రశ్నలో సైతం తేడా పాటించారు. కార్కెమిష్ రాజు ఉగరిత్ రాజుకు రాసేటప్పుడు నీకు క్షేమం కలగాలని కోరుకుంటాడు. చక్రవర్తి ఉగరిత్ చివరి రాజుకు రాసిన లేఖలోనేమో సూర్యుడి దగ్గర అంతా క్షేమం అని తన సంగతి మాత్రం చెప్పి అసలు విషయంలోకి వెళ్లిపోయాడు.

బంధుత్వపు పిలుపులు ఇదే లెక్కను మరింత సూక్ష్మంగా చూపిస్తాయి. ఈజిప్టు, బాబిలోనియా రాజులు హిట్టైట్ చక్రవర్తికి సోదరులు. సామంతుడు సేవకుడు, ఆదరించదలిస్తే కొడుకు. మిలవత లేఖగా పేరుపడిన పలకలో పశ్చిమ ప్రాంతపు పాలకుడిని చక్రవర్తి నా కొడుకా అని సంబోధిస్తూనే, గద్దె కోల్పోయిన విలుస రాజు వల్మును తిరిగి నిలబెట్టే పనిని అతని నెత్తిన పెట్టాడు. ఇలాంటి పిలుపును ఎవరికివారు వాడుకోవడానికి వీలుండేది కాదు. మితాన్నిని ఓడించిన ఊపులో అస్సీరియా రాజు అదద్-నిరారి సోదరుడా అని రాసినప్పుడు, మనిద్దరం ఒకే తల్లి కడుపున పుట్టామా అని హిట్టైట్ రాజు మండిపడ్డాడు. యుద్ధంలో గెలిచావన్నది ఒప్పుకుంటూనే, సోదరత్వాన్ని మాత్రం ఇవ్వనన్నాడు. నాటి రాజనీతిలో భూమికన్నా పిలుపును వదులుకోవడం కష్టమైంది.

నిక్మద్దుకు వచ్చిన ఆహ్వానం

సామంతుణ్ణి చేసుకునే దశలో ఉత్తరం ఎంత మెత్తగా ఉండేదో తెలియాలంటే సుప్పిలులియుమ ఉగరిత్ రాజు రెండో నిక్మద్దుకు రాసిన లేఖ చూడాలి. అప్పుడు ముకిష్, నుహష్షె రాజులు చక్రవర్తికి ఎదురు తిరిగారు; ఉగరిత్ సంపన్నమైన రేవు, అంతకుముందు ఈజిప్టు వైపు మొగ్గిన రాజ్యం. ఆ లేఖలో ఆజ్ఞ తక్కువ, లాభాల జాబితా ఎక్కువ. మీ పూర్వులు హత్తికి, అంటే హిట్టైట్ దేశానికి మిత్రులే గాని శత్రువులు కారని గుర్తుచేసి, నా శత్రువుకు శత్రువుగా, నా మిత్రుడికి మిత్రుడిగా ఉండమని చక్రవర్తి కోరాడు. వాళ్లు దండెత్తితే భయపడవద్దు, వెంటనే నాకు దూతను పంపు అన్నాడు. నువ్వే ముందుగా దాడి చేస్తే చేజిక్కినదాన్ని నీ నుంచి ఎవరూ తీసుకోరు, వాళ్ల రాజ్యాల నుంచి పారిపోయి వచ్చినవాళ్లూ నీ దగ్గరే ఉండిపోవచ్చు అని కూడా మాట ఇచ్చాడు.

నిక్మద్దు ఈ మాట నమ్మాడు. పొరుగు రాజులు వచ్చి ఉగరిత్‌ను దోచుకున్నప్పుడు అతను దూతను పంపడం, హిట్టైట్ రాకుమారులు సేనలతో వచ్చి శత్రువులను తరిమివేయడం, ఆపైన నిక్మద్దు అలలాఖ్‌కు వెళ్లి చక్రవర్తికి సాష్టాంగపడటం తదనంతర ఒప్పందపు పలకలో నమోదయ్యాయి. ఉత్తరంలోని మెత్తదనం ఆ తరవాత కప్పం జాబితాగా మారింది. ఏటా 12 మీనాల 20 షెకెళ్ల (ఇవి ఆనాటి తూకపు కొలతలు) బంగారం, ఒక బంగారు పాత్ర, నార వస్త్రాలు, నీలి, ఎరుపు ఊదా రంగుల ఉన్ని చక్రవర్తికి చేరాలి. రాణికి, యువరాజుకు, ప్రధాన లేఖకుడికి, మరికొందరు కొలువు పెద్దలకు విడివిడిగా పాత్రలు, వస్త్రాలు, ఉన్ని ఇవ్వాలి. పెద్దల వాటాలు లిఖితపూర్వకంగా కప్పంలోనే చేరడం గమనించదగినది. చక్రవర్తి దగ్గర మాట చెల్లించుకోవాలంటే అక్కడి అధికారి చేయి తడపడం తప్పదన్న వాస్తవాన్ని హిట్టైట్లు దాచకుండా లెక్కలోకి ఎక్కించారు.

ఉగరిత్ పరిమాణం తగ్గినప్పుడు ఈ లెక్కను సవరించారు కూడా. సియాన్ను ప్రాంతాన్ని ఉగరిత్ నుంచి విడదీసి కార్కెమిష్ కింద చేర్చినప్పుడు, భూమి పోయిన మేరకు కప్పాన్ని రెండో ముర్షిలి తగ్గించాడు. సామంతుడు విన్నవించుకోవడానికి, చక్రవర్తి ఒప్పుకోవడానికి చోటు ఉండటమే ఈ వ్యవస్థను వట్టి దోపిడీ నుంచి వేరుచేస్తుంది.

నడుమ ఉన్న గద్దె: కార్కెమిష్

సుప్పిలులియుమ తన కొడుకులను యూఫ్రటీస్ ఒడ్డున కార్కెమిష్‌లో ఒకరిని, అలెప్పోలో మరొకరిని రాజులుగా నిలిపాడు. పైన చెప్పిన పియష్షిలే కార్కెమిష్ మొదటి పాలకుడు. 13వ శతాబ్దానికి వచ్చేసరికి సిరియా సామంతుల వ్యవహారాలు చాలావరకు ఆ వంశీకుడైన ఇని-తేషుబ్ దగ్గరే పరిష్కారమయ్యాయి. కలెక్టరాఫీసులో తేలిపోయే దావా సచివాలయం దాకా పోనట్టే, వర్తకుల హత్యలకు పరిహారం, దొంగసొత్తు, సరిహద్దు తగవులు హత్తుష దాకా వెళ్లనవసరం లేకుండా పోయింది. ఉగరిత్ నుంచి కార్కెమిష్‌కు దూరం హత్తుషకు ఉన్నదానిలో దాదాపు సగమే కావడం దీనికి ఒక కారణం. చక్రవర్తుల దృష్టి అస్సీరియా మీదా ఉత్తరాన కష్క తెగల మీదా చిక్కుకుని ఉండటం మరొకటి.

ఈ తగవుల్లో సామంతుడి పక్షాన తీర్పు వచ్చిన సందర్భాలు తక్కువేమీ కాదు. అనటోలియా దక్షిణ తీరంలోని ఊర రేవుకు చెందిన వర్తకులు చక్రవర్తి మనుషులు. వాళ్లు ఉగరిత్‌లో అప్పులిచ్చి, తీర్చలేనివారి ఇళ్లూ పొలాలూ చేజిక్కించుకుంటున్నారని నిక్మెప రాజు మొరపెట్టుకున్నాడు. మూడో హత్తుషిలి ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ వర్తకులు వేసవిలో మాత్రమే ఉగరిత్‌లో వ్యాపారం చేసుకోవాలి, చలికాలం రాగానే తమ దేశానికి వెళ్లిపోవాలి, తమ వెండితో అక్కడ ఇల్లు గాని పొలం గాని కొనకూడదు. అప్పు తీర్చలేనివాణ్ణి భార్యాపిల్లలతో సహా వర్తకుడికి అప్పగిస్తారు గాని భూమిని మాత్రం ఇవ్వరు. మనుషులను వదులుకుని మట్టిని కాపాడుకునే ఈ ఏర్పాటు ఇవాళ కఠోరంగా తోచినా, దాని వెనక తర్కం స్పష్టం: పొలం చేతులు మారితే దాని మీద ఉగరిత్ రాజుకు రావలసిన పన్నూ సేవా పోతాయి, వాటితోపాటు చక్రవర్తికి చేరవలసిన కప్పమూ పోతుంది.

పెళ్లిళ్లు కూడా ఈ గద్దెల మీదుగానే నడిచాయి, తెగాయి. ఉగరిత్ రాజు రెండో అమ్మిష్తమ్రు దక్షిణాన ఉన్న అమురు రాజ్యపు రాజు బెంతెషిన కూతురిని పెళ్లాడి, తరవాత విడిచిపెట్టాడు. ఇద్దరూ చక్రవర్తి సామంతులే కావడంతో నాలుగో తుధలియ స్వయంగా తీర్పు చెప్పాడు. ఆమె తెచ్చిన కట్నం ఆమెకే చెందుతుంది. కొడుకు ఉత్రి-షర్రుమ తండ్రి దగ్గర ఉంటే యువరాజుగా కొనసాగుతాడు, తల్లి వెంట వెళ్తే ఆ హక్కు పోతుంది. వ్యవహారం అక్కడితో ముగియక, అమురు రాజకుమార్తెను తిరిగి ఉగరిత్‌కు అప్పగించడం, ఆమె ప్రాణం తీయడం, అందుకు ఆమె సోదరుడు షౌష్గమువకు 1,400 షెకెళ్ల బంగారం చెల్లించడం దాకా పోయింది. లేఖల్లో ఇదంతా ఆస్తి, వారసత్వం, పరిహారం అనే మూడు పద్దుల కింద ప్రశాంతంగా నమోదైంది.

విదేశాలతో తగవు వస్తే సామంతుడి తరఫున చక్రవర్తే జవాబు చెప్పాలి. బెంతెషిన తన దేశాన్ని శపిస్తున్నాడని బాబిలోనియా రాజు కదష్మన్-ఎన్లిల్ ఫిర్యాదు చేస్తే, అక్కాడు (బాబిలోనియా) మనుషులు తనకు 3 టాలెంట్ల వెండి బాకీ ఉన్నారని బెంతెషిన అంటున్నాడని హత్తుషిలి తిరిగి రాశాడు. సామంతుడి నోరు కట్టివేయడం, బాకీ వివరాన్ని మాత్రం జారవిడవకుండా ఎదుటివారి ముందు పెట్టడం రెండూ ఒకే లేఖలో జరిగాయి.

ఎదురు తిరగకుండా ఎగ్గొట్టడం

సామంతుడి ప్రధాన బాధ్యతల్లో ఒకటి ఏటా స్వయంగా వచ్చి చక్రవర్తి ముఖం చూడటం. దీన్ని తప్పించుకోవడంలో ఉగరిత్ రాజులు ఆరితేరారు. ఇబిరాను గద్దెనెక్కాక రాలేదు, దూతలను సైతం పంపలేదు. హిట్టైట్ రాకుమారుడు పిహవల్వి అతనికి రాసిన లేఖ చిన్నది, సూటిగా ఉంటుంది: రాజువయ్యాక సూర్యుడి ఎదుటికి ఎందుకు రాలేదు, దూతలను ఎందుకు పంపలేదు, ఇందుకు సూర్యుడికి చాలా కోపంగా ఉంది, వెంటనే దూతలను, చక్రవర్తికి కానుకలను పంపు, వాటితోపాటు నా కానుకలనూ పంపు. చివరి మాటతో గద్దింపు బరువు సగం తగ్గిపోతుంది. ఇదే ఇబిరానుకు, చక్రవర్తి నిర్ణయించిన సంఖ్యలో సైనికులు, రథాలు ఉన్నాయో లేదో లెక్కించడానికి అధికారి వస్తున్నాడన్న లేఖ కూడా అందింది. లెక్క సరిపోతుందన్న నమ్మకం ఉంటే తనిఖీ అవసరం పడదు.

ఉగరిత్ దగ్గర అంతకన్నా పదునైన సాధనం బంగారం. నాలుగో తుధలియ అస్సీరియాతో పోరాడుతున్నప్పుడు, ఆ యుద్ధం ముగిసే దాకా ఉగరిత్ సైనికులు, రథాలు సాయానికి రానవసరం లేదని ఇని-తేషుబ్ ద్వారా అమ్మిష్తమ్రుకు మినహాయింపు దొరికింది. అందుకు ప్రతిఫలం 50 మీనాల బంగారం, అంటే 20 కిలోలకు పైమాటే. 10 బిడారుల్లో పంపాలన్నది షరతు. ఇక్కడ చక్రవర్తి తెలివిని, సామంతుడి తెలివిని వేరుచేసి చూడటం కష్టం. రేవు వర్తకం మీద బతికే రాజ్యం నుంచి సరిగా పోరాడని రథాలకన్నా బంగారమే ఎక్కువ ఉపయోగమని హత్తుష లెక్కవేసి ఉండవచ్చు. కానీ సైనిక బాధ్యతకు ఒకసారి వెల కట్టాక, ఆ బాధ్యత మళ్లీ ప్రమాణంగా కాక బేరంగానే చర్చకు వస్తుంది.

పశ్చిమాన బంగారం లేదు, అక్కడ సాకులు వేరు. సెహ నదీ రాజ్యపు పాలకుడు మనప-తర్హుంత హిట్టైట్ సైన్యం విలుస మీదికి కదిలినప్పుడు తాను తీవ్రంగా జబ్బుపడి మంచం పట్టానని రాశాడు. అదే లేఖలో పియమరదు అనే తిరుగుబాటుదారు తనను అవమానించాడని, లజ్‌ప, అంటే నేటి లెస్బోస్ ద్వీపం మీద దాడి జరిగిందని, చక్రవర్తికి చెందిన అద్దకపు పనివారు పోయారని చెప్పుకొచ్చాడు. జబ్బు నిజమే కావచ్చు. అయితే పశ్చిమ సరిహద్దులో ఒక సామంతుడు మంచం పడితే ద్వీపం దాకా అదుపు తప్పేంత పలచగా అక్కడి వ్యవస్థ అల్లుకుని ఉందన్నది ఆ పలక చెప్పే అసలు సంగతి.

అంతకు తరాల ముందు మద్దువత్త నడిపిన వ్యవహారం వీటన్నిటినీ మించిపోయింది. ఏజియన్ సముద్రం వైపు అహ్హియ దేశస్థుడు (తరవాతి పలకల్లో ఇదే అహ్హియవ) అత్తరిస్సియ తరిమితే పారిపోయి వచ్చిన ఇతనికి హిట్టైట్ రాజు తుధలియ ఆశ్రయమిచ్చి, జిప్పస్ల కొండ ప్రాంతాన్ని అప్పగించాడు. అత్తరిస్సియ 100 రథాలతో మళ్లీ వస్తే హిట్టైట్ సేనాని కిస్నపిలి ఇతణ్ణి కాపాడాడు. తరవాత తలవ నగరవాసులను ఉసిగొల్పి, మాటు వేయించి ఆ కిస్నపిలినే చంపించాడని మద్దువత్త మీద అభియోగం. అర్నువంద రాజు రాయించిన ఆ సుదీర్ఘమైన పలక ప్రమాణాన్ని ఒక వాక్యంలో, దాన్ని తప్పిన తీరును తరవాతి వాక్యంలో పెట్టుకుంటూ పోతుంది. ఇంత జాబితా చదివాక శిక్ష ఏమిటా అని చూస్తే, కనిపించేది దూతలు, పారిపోయినవాళ్లను తిరిగి పంపమన్న డిమాండ్లు. సేన పంపే స్థితిలో ఉన్న రాజుకు అంత పొడవైన ఫిర్యాదు రాయించే పని ఉండదు.

విధేయత మీద చక్రవర్తుల నిర్వచనం కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. సెహ నదీ రాజ్యపు తరవాతి పాలకుడు మస్తురి, చక్రవర్తి ఉర్హి-తేషుబ్‌ను కాదని పినతండ్రి హత్తుషిలి పక్షం చేరాడు. ఆ సాయంతో గద్దెనెక్కిన హత్తుషిలి కొడుకే తుధలియ. అయినా తుధలియ అమురు రాజు షౌష్గమువతో సంధి రాసేటప్పుడు, మస్తురిలా ప్రవర్తించకు అని హెచ్చరించాడు. తన తండ్రికి కలిసివచ్చిన ద్రోహం తన కొడుకు మీదికి తిరగకూడదన్న జాగ్రత్త అది. ఇదే సంధి ముసాయిదాలో సమాన హోదా ఉన్న రాజుల వరుసలో అహ్హియవ రాజు పేరు రాసి, మట్టి ఆరకముందే చెరిపేసిన గుర్తు ఉంది.

ఈజిప్టు పద్ధతితో పోలిక

హిట్టైట్ లేఖలను అమర్నాలో 1887లో దొరికిన ఈజిప్టు లేఖల పక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఫరో తన సామంతులతో రాసుకున్న సంధి ఒక్కటీ ఇప్పటివరకు దొరకలేదు. ఫరో తనకు తానుగా ఏ బాధ్యతా రాతలో పెట్టలేదు. బిబ్లోస్ పాలకుడు రిబ్-హద్ద దాదాపు 60 ఉత్తరాలు రాసి సాయం అడిగినా, చివరికి సొంత నగరం నుంచే వెళ్లగొట్టబడ్డాడు. హిట్టైట్ సంధి మాత్రం గతంలో చేసిన ఉపకారాన్ని ముందుగా వివరించి, సామంతుడి కొడుకుకు గద్దె దక్కుతుందని హామీ ఇచ్చి, ఆ తరవాతే ఆంక్షలు పెడుతుంది. కూతుళ్లను ఇచ్చే విషయంలో కూడా అంతే. బాబిలోనియా రాజు అడిగినా మూడో అమెన్‌హోతెప్ ఈజిప్టు రాజకుమార్తెను ఇవ్వనన్నాడు. హత్తుషిలి తన కూతురు గస్సులవియను సామంతుడైన బెంతెషినకే ఇచ్చి, అతని కూతురిని తన కొడుకుకు చేసుకున్నాడు.

ఈ రెండు పద్ధతుల మధ్య ఎటు తూగాలో తేల్చుకోవలసిన చోట అమురు రాజ్యం ఉంది. దాని పాలకుడు అజిరు ఈజిప్టు సామంతుడిగా ఉంటూనే హిట్టైట్ దూతకు ఆతిథ్యమిచ్చాడు. నా దూత హాని వస్తే ఎందుకు కనిపించలేదని ఫరో నిలదీస్తే, తాను తునిప్‌లో ఉన్నానని, రాక సంగతి తెలియగానే పరుగెత్తినా అందుకోలేకపోయానని, తన సోదరులు మాత్రం ఎద్దులు, గొర్రెలు, రొట్టెలు, బీరు ఇచ్చి మర్యాద చేశారని జవాబు రాశాడు. కొంతకాలానికి అతను సుప్పిలులియుమ పక్షం చేరి ఏటా 300 షెకెళ్ల మేలిమి బంగారం కడతానని ఒప్పుకున్నాడు. అతని మనుమడు దుప్పి-తేషుబ్‌తో ముర్షిలి చేసుకున్న సంధి, మీ పూర్వులు ఈజిప్టుకు కప్పం కట్టారు, నువ్వు కళ్లు అటు తిప్పవద్దు అని హెచ్చరించడానికి ఆ కుటుంబ చరిత్రే కారణం.

ధాన్యం కోసం వచ్చిన ఉత్తరాలు

13వ శతాబ్దం చివరికి లేఖల్లో ధాన్యం ప్రధాన విషయమైంది. హత్తి దేశాన్ని బతికించడానికి ఓడల్లో ధాన్యం పంపానని ఫరో మెర్నెప్తా కర్నాక్ శాసనంలో చెప్పుకున్నాడు. ముకిష్ నుంచి 2,000 కొలతల ధాన్యాన్ని ఊర రేవుకు చేర్చడానికి ఓడను, సిబ్బందిని సమకూర్చాలని హిట్టైట్ పక్షం నుంచి ఉగరిత్‌కు లేఖ వచ్చింది. అది సుమారు 450 టన్నులని పండితుల అంచనా. ఇది చావుబతుకుల విషయమన్న మాట ఆ లేఖలోనే ఉంది. అనటోలియాలోని గోర్డియన్ వద్ద దొరికిన జునిపర్ దుంగల వలయాలను పరిశీలించి 2023లో వెలువడిన అధ్యయనం క్రీ.పూ. 1198-1196 మధ్య తీవ్రమైన కరువు వరుసగా పడిందని తేల్చడంతో, ఈ మాటలకు ఇప్పుడు చెట్ల సాక్ష్యం తోడైంది. అయితే మెర్నెప్తా ధాన్యం పంపింది అంతకు కొన్నేళ్ల ముందే. కొరత ఒక్కసారిగా ఊడిపడలేదు.

ఉగరిత్ చివరి రాజు అమ్మురాపికి వచ్చిన లేఖలో చక్రవర్తి ముందు, నువ్వు నీ ప్రభువైన సూర్యుడికి చెందినవాడివని గుర్తుచేసి, ఏడాది, రెండేళ్లుగా ఎందుకు రాలేదని అడుగుతాడు. ఆ వెంటనే ఆహారం గురించి అమ్మురాపి పంపిన పలక ప్రస్తావన వస్తుంది. మరో లేఖను చక్రవర్తి రాజును దాటి నేరుగా ఉగరిత్ ప్రధానాధికారికి పంపాడు. మీ రాజు చిన్నవాడు, ఏమీ తెలియదు అంటూ, ఓడల మీద బతికే షికిల జనం చేత చిక్కి బయటపడిన ఇబ్నదుషు అనే మనిషిని తన దగ్గరికి పంపమని, ఆ జనం గురించి అడిగి తిరిగి పంపిస్తానని రాశాడు. సముద్రం మీది కొత్త శత్రువు గురించి చక్రవర్తికి తెలిసింది అంత తక్కువ. తెలుసుకునే దారి సామంతుడి మనిషొక్కడే.

అమ్మురాపి అలషియ, అంటే సైప్రస్ రాజుకు రాసిన లేఖలో అతణ్ణి తండ్రీ అని పిలిచి, శత్రువుల ఓడలు వచ్చి తన ఊళ్లను తగలబెట్టాయని, తన సైనికులు, రథాలు హత్తిలో, ఓడలన్నీ నైరుతి అనటోలియాలోని లుక్క దేశంలో ఉన్నాయని, ఇప్పుడు వచ్చినవి 7 ఓడలని వివరించాడు. తరాల తరబడి సైన్యం పంపకుండా ఎగ్గొట్టిన ఉగరిత్ అవసరం ముంచుకొచ్చినప్పుడు నిజంగానే పంపింది. ఆ పంపడమే తీరాన్ని ఖాళీ చేసింది. నగరం తగలబడుతున్నప్పుడు ఇలాంటి పలకలు బట్టీలో కాలుతూ ఉండిపోయాయని, దూత చేతికి చేరనేలేదని చాలాకాలం ప్రచారంలో ఉన్న కథను తరవాతి పరిశోధన తోసిపుచ్చింది. అది బట్టీ కాదు, పలకలు పై అంతస్తు కూలినప్పుడు కింద పడినవి.

క్రీ.పూ. 12వ శతాబ్దం మొదట్లో ఉగరిత్ ధ్వంసమై మళ్లీ లేవలేదు, హత్తుష రాజవంశం పలకల నుంచి కనుమరుగైంది. కార్కెమిష్ మాత్రం నిలిచింది. అక్కడి రాజు తల్మి-తేషుబ్ కొడుకు కుజి-తేషుబ్ ముద్రలు 1985లో లిదార్ హోయుక్ తవ్వకాల్లో బయటపడ్డాయి. మలత్య ప్రాంతపు శాసనాల్లో అతని మనుమలు అతణ్ణి మహారాజు అని పేర్కొన్నారు. అంతవరకు హత్తుషలోని సూర్యుడికి మాత్రమే చెల్లిన ఆ బిరుదును, ఒకప్పుడు అతని తరఫున సామంతుల ఉత్తరాలు అందుకున్న గద్దె తీసుకుంది.